అభయారణ్యం అంచున ఊరు: మేకలు, పందులు, ఆదివారం జనం

ప్రశ్న: మాది పెందుర్తి–ఆనందపురం రోడ్డు వైపు, కంబాలకొండ అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న ఊరు. మేకలు తోలితే ఫారెస్టువాళ్లు కేసు పెడతామంటున్నారు. రాత్రయితే అడవిపందులు చేలమీద పడుతున్నాయి. ఆదివారం వస్తే సిటీ నుంచి బైకుల మీద జనం దిగి, కొండెక్కి, తిని తాగి, సీసాలు పగలగొట్టి పోతున్నారు. మా కుర్రాళ్లు మాత్రం కొండమీద టెంట్లు వేసి క్యాంపింగ్ నడిపితే నాలుగు డబ్బులొస్తాయంటున్నారు. పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారు. అసలు ఈ కొండ ఎవరిది? మేం ఏం చెయ్యాలి?

జవాబు:

మీరు నాలుగు తగాదాలు చెప్పారు గానీ వాటి మొదలు ఒక్కటే. మేకలు, జంతువులు, పర్యాటకులు, ఊరివాళ్లు అందరూ ఒకే చోట, ఒకే వేళకి కలబడుతున్నారు. విశాఖ, పాడేరు, నర్సీపట్నం వైపు అటవీ శాఖలో పనిచేసి రిటైరయిన మనిషిగా నాకు తెలిసింది చెబుతాను. కొండలో ఎవరికెంత వాటా అని పంచాయితీ పెడితే అది ఏళ్ల తరబడి తెగదు. ఏ నెలలో, ఏ వేళకి, ఏ దారి ఎవరు వాడాలి అని కూర్చుంటే ఒక సాయంత్రంలో సగం తెగిపోతుంది. మిగతా సగం డబ్బు సంగతి. దానికీ వస్తాను.

విశాఖ వాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ లంగరేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. దానివల్ల సముద్రం మత్స్యకారులది కాకుండా పోలేదు. పైగా ఆ రెండు నెలలు పూట గడవడానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. కొండల విషయంలో మన ప్రభుత్వాలు నిషేధం తెచ్చాయి, భృతి సంగతి మరిచిపోయాయి. అందుకే కొండమీద నిషేధం కాగితం మీదే ఉండిపోయింది. మీ ఊరు ఏ ఒప్పందం చేసుకున్నా ఈ రెండూ జంటగా ఉండాలి. ఆపమన్నవాడు ఆపినందుకు ఏమిస్తాడో అదే కాగితంలో రాయాలి.

ముందు కొండ సంగతి. కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది. 1970 మార్చి 10న అది అటవీ శాఖ చేతికి వచ్చింది, అభయారణ్యం అయింది ఆ తర్వాత. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో అది సిటీకి దూరంగా ఉన్న అడవి. ఇప్పుడు ఒక పక్క 16వ నంబరు జాతీయ రహదారి, ఎండాడ, మధురవాడ. ఇంకో పక్క సింహాచలం, అడవివరం. చుట్టూ ఇళ్లు కమ్ముకొచ్చాయి. అయినా లోపల చిరుత ఉంది. కణితి, దుప్పి, ముళ్లపంది, పునుగుపిల్లి, నక్క, నెమలి, కొండచిలువ ఉన్నాయి. తొలకరి పడగానే పొన్నంగి పిట్ట కూత వినిపిస్తుంది. ఇంత పెద్ద నగరాన్ని ఆనుకుని ఇంత అడవి మిగలడం మన అదృష్టం. ముడసర్లోవ రిజర్వాయర్‌లోకి నీరు ఈ కొండల మీంచే దిగుతుంది. మీ బోర్లలో నీటిమట్టం కూడా ఈ వాలు మీద చెట్టు నిలబడ్డంత కాలమే నిలబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ కొండలమీద చెట్లు ఎలా కూలాయో మీ పెద్దవాళ్లకి గుర్తుంటుంది. ఆ ఖాళీల్లో చాలాచోట్ల పాత జాతి చెట్టు బదులు లాంటానా పొద ఎక్కేసింది. మేకలు దాన్ని ముట్టవు. మేకలు తినే మొక్క తగ్గిపోయి, తినని పొద పెరిగింది. మీ మేకల గొడవలో సగం ఇక్కడ పుట్టింది.

ఇప్పుడు చట్టం. దీన్ని చూసి ఊళ్లో చాలామంది ఉత్తి పుణ్యానికి భయపడతారు, ఇంకొందరు అసలు లేనట్టే నడుస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో మేత పూర్తిగా నిషేధమని ఎక్కడా లేదు. 33వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పశువుల మేతని నియంత్రించవచ్చు, అదుపు చెయ్యవచ్చు, అవసరమైతే ఆపవచ్చు. ఆయన అనుమతించిన మేత 29వ సెక్షన్ కింద నేరం కాదు. అంటే అడగడానికి తలుపు ఉంది. అడగకుండా తోలితే కేసు, అడిగి తోలితే అనుమతి. అభయారణ్యానికి 5 కిలోమీటర్లలోపు ఉన్న పశువులకి టీకాలు వేయించే ఏర్పాటు చెయ్యడం కూడా ఆ వార్డెన్ బాధ్యతే. 33ఎ సెక్షన్ చూడండి. గాలికుంటు టీకా కోసం మీరు పశువుల ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంటే, ఆ సెక్షన్ పేరు రాసి ఒక అర్జీ పెట్టండి. గాలికుంటు మేక నుంచి దుప్పికి పాకితే నష్టం అడవికి కూడా. ఈ విషయంలో మీ అవసరం, అడవి అవసరం ఒక్కటే.

33బి సెక్షన్ కింద ప్రతి అభయారణ్యానికి ఒక సలహా కమిటీ ఉండాలి. అందులో ఎమ్మెల్యే, స్వచ్ఛంద సంస్థల వాళ్లతోపాటు పంచాయతీరాజ్ ప్రతినిధులు ముగ్గురు ఉండాలి. ఆ ముగ్గురిలో మీ వైపు సర్పంచి ఉన్నారో లేదో కనుక్కోండి. లేకపోతే వచ్చేలా చూడండి. కొండమీద ఏ దారి తెరవాలి, ఏది మూయాలి అని మాట్లాడే బల్ల అదే.

2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకి కూడా వర్తిస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 2005 డిసెంబరు 13కి ముందు 75 ఏళ్లుగా అడవి మీద ఆధారపడి అక్కడే బతుకుతున్నట్టు రుజువు కావాలి. మీ ఊళ్లో అలాంటి కుటుంబాలుంటే వ్యక్తిగత పట్టాల గొడవకంటే ముందు మేత, కట్టెపుల్లలు, చిన్న అటవీ ఉత్పత్తుల మీద సామూహిక హక్కుకి గ్రామసభ నుంచి దరఖాస్తు కదపండి. దీనికి టైం పడుతుంది. అందాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు.

మేకల విషయంలో చాలామంది నిపుణులు చెప్పే మాటతో నాకు పేచీ ఉంది. వానాకాలం నాలుగు నెలలు కొండ మూసేసి తర్వాత తెరవమంటారు. కాగితం మీద బాగుంటుంది. కానీ మీకు తెలుసు, వానాకాలంలో చేలన్నీ పైరుమీద ఉంటాయి. మేకకి కొండ తప్ప వేరే చోటు లేదు. సరిగ్గా అప్పుడే కొండమీద విత్తనం మొలకెత్తుతుంది. కాబట్టి మేకలకి కాలం లెక్క పనికిరాదు, చోటు లెక్క పెట్టాలి. మీ ఊరి వైపు వాలుని మూడు ముక్కలు చెయ్యండి. ఎత్తుగా, వాగు పుట్టే చోట ఉన్న ముక్కలోకి అసలు వెళ్లొద్దు. మిగిలిన రెండిట్లో ఒకటి మూడేళ్లు మూసి, మొక్క మేక మూతికి అందనంత ఎత్తు పెరిగాక అది తెరిచి రెండోది మూయండి. సంక్రాంతి తర్వాత కోసిన చేలల్లోకి మందలు ఎలాగూ దిగుతాయి. గట్ల మీద అవిశ, సుబాబుల్ వేసుకుంటే ఎండాకాలం రొట్టకి కొండెక్కి కొమ్మలు నరికే పని తగ్గుతుంది. మంద ఉన్నవాళ్లందరినీ పిలిచి, హద్దురాళ్లకి సున్నం వాళ్లచేతే వేయించండి. రేంజర్ గీసిన గీతని కాపరి గౌరవించడు, తను గీసింది దాటడు.

పర్యాటకులకి కాలం, వేళ రెండూ కావాలి. ఎందుకో చెప్పడానికి ఒక నీటిగుంట చూపిస్తాను.

అటవీ శాఖ ఎండాకాలం కోసం అక్కడక్కడా సిమెంటుతో పళ్లెంలాంటి గుంటలు కట్టిస్తుంది. సాసర్ పిట్లు అంటారు. ట్యాంకరుతో నీళ్లు పోస్తారు. ఏప్రిల్‌లో తెల్లారగానే ఏ స్టాఫ్‌తోనైనా కలిసి ఒక గుంట దగ్గరకి వెళ్లి చుట్టూ ఉన్న మెత్తటి దుమ్ము చూడండి. రాత్రి ఎవరొచ్చారో అంతా అందులో రాసి ఉంటుంది. దుప్పి గిట్ట రెండు చీలికలై ముందుకి మొనదేలి ఉంటుంది. పంది గిట్టకి వెనకాల రెండు చిన్న గుంటలు పడతాయి. కుక్క అడుగులో గోళ్లు కనిపిస్తాయి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి దాని అడుగు నున్నగా గుండ్రంగా ఉంటుంది. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కువగా సాయంత్రం 5 నుంచి చీకటి పడే దాకా, మళ్లీ తెల్లవారుజామున వస్తాయి. సరిగ్గా ఆ సాయంత్రం వేళకే ఇద్దరు కుర్రాళ్లు గుంట పక్కన బండమీద బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని కూర్చున్నారనుకోండి. వాళ్లు ఒక ఆకు కూడా తుంచకపోవచ్చు. కానీ దుప్పి నీటి దగ్గరకి రాదు. దాహానికి ఆగలేక వాలు దిగుతుంది, మీ తోటలో బోరు తొట్టె దగ్గరకి వస్తుంది. దాని వెనకే చిరుత. రెండోరోజు చిరుత ఊళ్లోకి వచ్చిందని ఫోన్లు, వీడియోలు, టెన్షన్. కొండమీద స్పీకర్‌కీ కింద దొడ్లో పోయిన మేకకీ ఉన్న ఈ లంకె మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీ పని సగం అయినట్టే.

తిండి సంగతీ అంతే. ఆదివారం జనం వదిలిన బిర్యానీ పొట్లాలకి కుక్కలు, పందులు చేరతాయి. కుక్క కోసం చిరుత అంచుకి వస్తుంది. ఊరి చికెన్ షాపు వ్యర్థాలు వాగులో పారేసినా అదే. కేంద్ర పర్యావరణ శాఖ 2011లో చిరుతల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చిరుతని పట్టి వేరేచోట వదిలితే గొడవ తగ్గకపోగా పెరుగుతుందని అందులో స్పష్టంగా ఉంది. ఒకదాన్ని తీసేస్తే ఆ జాగాలోకి ఇంకోటి వస్తుంది, వదిలిన చోట ఇది దారి తప్పి ఊళ్ల మీద పడుతుంది. అందుకే బోను పెట్టమని ధర్నా చెయ్యకండి. దొడ్డికి తలుపు, పైన కప్పు, రాత్రి ఒక దీపం, అంచున చెత్త లేకుండా చూడటం. పని చేసేవి ఇవే. మేకనో దూడనో చంపితే కళేబరం కదపకుండా ఫోటో తీసి, బీట్ ఆఫీసర్‌కి, అంటే మీ వైపు అడవిని చూసుకునే అటవీ ఉద్యోగికి ఫోన్ చేసి, పశువైద్యుడి సర్టిఫికెట్ తీసుకుంటేనే పరిహారం ఫైలు కదులుతుంది. పూడ్చేశాక వెళితే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇక ఉచ్చులు. ఇది కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే అంచు ఊళ్లలో దీని గురించి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. పాత బైకు క్లచ్ వైరు ఒకటి తీసుకుని, కంచెలో పంది దూరే సందు దగ్గర ముడి వేసి కడతారు. పందికి కట్టింది చిరుత నడుముకి పడుతుంది. అది గింజుకునే కొద్దీ వైరు చర్మం కోసి లోపలికి దిగుతుంది. దాని అరుపు విని ఊరంతా చుట్టూ మూగితే, మత్తు ఇచ్చే డాక్టరు జూ నుంచి వచ్చేలోపు మనిషి మీద పడటమో, అది చచ్చిపోవడమో జరుగుతుంది. అభయారణ్యంలో వేటకి 3 నుంచి 7 ఏళ్ల జైలు. పందికి కట్టాను అన్నా శిక్ష తప్పదు, అభయారణ్యంలో పందిని వేటాడినా అంతే. చేను చుట్టూ నేరుగా కరెంటు లాగడం ఇంకా ఘోరం. మన జిల్లాల్లో అలాంటి తీగలకి రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులే బలైపోయారు.

మరి పందులకి దారేది? ఒక్కొక్కరు విడివిడిగా చేసే ఏ పనీ నిలబడదు. మీరు కంచె వేస్తే అవి పక్కచేలో దూరతాయి, అంతే. అంచునున్న రైతులంతా కలిసి ఒకే వరసలో సోలార్ కంచె వేసుకోండి. అది చిన్న ఝలక్ ఇస్తుంది, చంపదు, చట్టబద్ధం. దానికి కింద గడ్డి తగలకుండా వారానికోసారి కోసే మనిషి ఉండాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోయి ఉత్తి తీగ మిగులుతుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ నాలుగు వరసలు వెయ్యమని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెబుతాయి, కొంతవరకు పనిచేస్తుంది. మంగలి షాపు వెంట్రుకలు చల్లే పద్ధతి వాన పడేదాకానే. నన్నడిగితే అడవిని ఆనుకున్న మొదటి రెండు మూడు మళ్లలో దుంపలు, వేరుశనగ మానేసి పూలు వేసుకోండి. ఆనందపురం పూల మార్కెట్ మీ గుమ్మంలోనే ఉంది. బంతి, చామంతి అంటే పందికి అంత ఆశ ఉండదు.

జనం ఎప్పుడు రావచ్చు? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 3 దాకా. నా లెక్క ఇంతే. మార్చి నుంచి వాన పడేదాకా నీళ్లు జంతువులవి, పైగా నిప్పు భయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెమళ్లు నేలమీద గుడ్లు పెడతాయి, దారి కూడా కోసుకుపోతుంది. మన కొండల్లో ఉన్నది ఖొండలైట్ రాయి. పైపొర ఎండకీ వానకీ పుచ్చి ఎర్రమట్టి అయిపోతుంది. తడిసిన వాలు మీద వందమంది అడ్డదారిన దిగితే, మరుసటి వానకి ఆ కాలిబాట గాడి అవుతుంది, రెండో ఏటికి వాగు అవుతుంది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో మట్టి ఎంత తేలిగ్గా కోసుకుపోతుందో మీరు చూసే ఉంటారు. అందుకే దారి నిటారుగా వెయ్యకూడదు. వాలుకి అడ్డంగా, మెలికలు తిరుగుతూ, ఒక మనిషి వెడల్పున వెయ్యాలి. పది పదిహేను అడుగులకోసారి నీళ్లు పక్కకి మళ్లేలా అడ్డరాయి పెట్టాలి. సిమెంటు మెట్లు కట్టిస్తామని ఎవరైనా ముందుకొస్తే దండం పెట్టి వద్దనండి.

దారి ఒక్కటే ఉండాలి. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా ఈ కొండల అంచునే వెళతారు. అంతమంది నడిచినా కొండమీదికి ఎవరూ ఎక్కరు, ఎందుకంటే దారి అందరికీ తెలుసు, దారి పొడవునా నీళ్లు, మజ్జిగ, మనుషులు ఉంటారు. జనాన్ని చూసి భయపడక్కర్లేదు. దారీ తెన్నూ లేకుండా వచ్చిన యాభైమంది చేసే పాడు, దారి చూపిస్తే అయిదొందలమంది చెయ్యరు. పాడేరు దగ్గర వంజంగి చూడండి. మేఘాల ఫోటోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక చలికాలం తెల్లవారుజామున ఆ కొండ ఎక్కే జనం ఒక్కసారిగా పెరిగిపోయారు. ఏర్పాట్లు ఆ తర్వాత తీరిగ్గా వచ్చాయి. మీ కొండ వీడియో ఎవరో పెట్టకముందే మీ ఏర్పాట్లు అయిపోవాలి.

ఇంకో మాట. అభయారణ్యంలోకి పర్యాటకులు ప్రవేశించడానికి 28వ సెక్షన్ కింద అనుమతి ఉండాలి. హైవే వైపు ఎకో టూరిజం పార్కులో టికెట్ కొని వెళ్లేవాళ్లకి ఆ ఏర్పాటు ఉంది. మీ వెనకదారిన బైకుల మీద వచ్చేవాళ్లకి లేదు. వాళ్లతో గొడవలు, చెయ్యి చేసుకోవడాలు వద్దు. నంబరు ప్లేటు ఫోటో, టైము, బీట్ ఆఫీసర్‌కి మెసేజ్. ఇది మానకుండా చేస్తే కొన్నాళ్లకి దారి సర్దుకుంటుంది.

డబ్బు. మీ కుర్రాళ్లు అడుగుతున్నది తప్పేం కాదు. వాళ్లకి కొండవల్ల రూపాయి రాకపోతే కొండని ఎందుకు కాయాలి? కానీ గేటు టికెట్ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దని లెక్కవేసి చెబుతాను. నవంబరు–ఫిబ్రవరి శని ఆదివారాలు సుమారు 34 రోజులు. రోజుకి 60 మంది, మనిషికి 50 రూపాయలు అనుకోండి. మొత్తం లక్షా రెండు వేలు. దాంతో ఇద్దరు గేటు మనుషుల జీతం, ఎండాకాలం నిప్పు కాపలా కొంతవరకు వెళతాయి, ఊరు బాగుపడదు. రోజుకి 60 బదులు 600 మందిని పంపితే బాగుపడుతుంది కదా అంటారు. అప్పుడు చూడ్డానికి ఏమీ మిగలదు, మూడో ఏడు ఎవరూ రారు.

అసలు రాబడి కొండ కింద ఉంది. పార్కింగ్, గైడు, భోజనం, మీ తోటల్లో పండింది అమ్ముకోవడం. కార్తీక మాసంలో విశాఖలో ఉసిరిచెట్టు నీడ దొరికితే చాలు, వనభోజనాలకి ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, కుల సంఘాలు అన్నీ ఎగబడతాయి. హద్దుకి బయట మీ జీడితోటలో, మామిడితోటలో ఆ చోటు మీరే ఇవ్వండి. చెట్టుకింద శుభ్రమైన జాగా, తాగునీళ్లు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి, అడ్డాకు విస్తళ్లలో మీ ఆడవాళ్లు వండిన భోజనం. థర్మకోల్ ప్లేటు మాత్రం గేటు దాటి లోపలికి రానివ్వకండి. అడ్డాకులు ఏజెన్సీ నుంచి వస్తాయి, అక్కడి గిరిజన కుటుంబాలకీ నాలుగు రూపాయలు.

అరకు దారిలో బొంగు చికెన్ చూసి మీవాళ్లూ మొదలుపెడదామంటారు. పెట్టుకోండి, కానీ ఒక్కో కుంపటికి రోజూ పచ్చి వెదురు బొంగులు కావాలి, ఒకసారి కాల్చిన బొంగు మళ్లీ పనికిరాదు. వెదురు కోసం అభయారణ్యంలో కత్తి పెడితే నేరం. 2017లో భారత అటవీ చట్టం సవరించి వెదురుని చెట్ల జాబితాలోంచి తీసేశారు కాబట్టి, మీ సొంత పొలంలో పెంచిన వెదురు కొట్టుకోవడం ఇప్పుడు తేలికైంది. గట్ల మీద ఇప్పుడు నాటితే నాలుగైదేళ్లకి మీ బొంగు మీదే. ఇది ముందు చేసి, కుంపటి తర్వాత పెట్టండి.

ఇలా నడిచేవి మన చుట్టుపక్కలే ఉన్నాయి, వెళ్లి చూసి రండి. అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవలో తాటిమాను దోనెలు రెండు జతకట్టి, మత్స్యకారులే తెడ్డు వేసి తామరల మధ్య తిప్పుతారు. మోటారు బోటు లేదు కాబట్టి పక్షి లేవదు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల ద్వారా గిరిజనులే పర్యాటక వసతులు నడిపారు. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి. గూడబాతులు, రంగుకొంగలు ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. కిందంతా రెట్ట, కంపు, పిల్లల అరుపులు. అయినా ఊరు వాటిని శుభంగా చూసుకుంటుంది, కొమ్మ కొట్టదు. ముందు ఊరివాళ్లతో మాట్లాడండి, సంఘం పుస్తకాలు ఉంటే అడిగి చూడండి, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో తప్పకుండా కనుక్కోండి. అధికారులు చెప్పే లెక్కకీ ఊరు చెప్పే లెక్కకీ తేడా ఉంటే అక్కడే పాఠం దొరుకుతుంది.

నిప్పు గురించి రెండు ముక్కలు. శివరాత్రి లోపు హద్దు పొడవునా ఫైర్ లైను, అంటే నిప్పు దాటకుండా ఖాళీ పట్టీ, గీకి ఆకు ఊడ్చాలి. జీడితోటల్లో రాలిన ఆకు తగలబెట్టేటప్పుడే మీ వైపు నిప్పు ఎక్కువగా కొండెక్కుతుంది, ఆ పని పొద్దున్న గాలి లేవకముందే, పక్కన ఇద్దరిని నిలబెట్టుకుని చెయ్యాలి. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహం పట్టిన మంటల సమాచారం ఫోన్లకి పంపుతుంది, ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్ల నంబర్లు ఇవ్వండి. ఏ కాపలాకీ దొరకని మంట ఒక్కోసారి ఆ మెసేజ్‌తో దొరుకుతుంది.

చివరిగా టెంట్లు. హద్దు లోపల వద్దు. రాత్రిపూట కొండ జంతువులది, ఇందులో బేరం లేదు. మీ పెద్దవాళ్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. బయట సొంత పట్టా భూమిలో వేసుకోవచ్చు, అయితే అభయారణ్యం చుట్టూ పర్యావరణ సున్నిత మండలం ఉంటుంది. సాధారణంగా ఆ నిబంధనల్లో హద్దుకి కిలోమీటరు లోపు కొత్త హోటళ్లు, రిసార్టులు కట్టనివ్వరు, ఎకో టూరిజం కోసం చిన్న తాత్కాలిక కట్టడాలకి వీలుంటుంది. మీ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో మ్యాపు మీద చూపించమని అడగండి. అది తేలకముందు ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవద్దు. సిటీ నుంచి ఎవరైనా పెట్టుబడి పెడతానంటూ ఆ భూమిని లీజుకి అడిగితే ఇంకా జాగ్రత్త. అయిదారు టెంట్లు, రాత్రి 9 తర్వాత పాటలు బంద్, కొండవైపు లైటు పడకుండా కిందికి వంచిన బల్బులు, మంట వెయ్యకపోవడం. ఈ షరతులకి ఒప్పుకునే కుర్రాళ్లకే ఇవ్వండి.

ఇవన్నీ ఎవరి పేరుమీద జరగాలి? అభయారణ్యం అంచు ఊళ్లకి ఎకో డెవలప్‌మెంట్ కమిటీ అని అటవీ శాఖతో కలిసి పనిచేసే ఊరి సంఘం ఉంటుంది. మీ ఊళ్లో కాగితం మీద ఇప్పటికే ఉండొచ్చు, రేంజ్ ఆఫీసులో అడిగి చూడండి. ఉంటే కొత్త ఎన్నిక జరిపించండి, లేకపోతే ఏర్పాటు చెయ్యమనండి. మేకలవాళ్లు, అంచు రైతులు, ఆడవాళ్లు తప్పనిసరిగా ఉండాలి. కట్టెలకి, ఆకులకి కొండెక్కేది ఆడవాళ్లే, ఏ మూల ఏముందో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. టికెట్ డబ్బులో ఊరి వాటా ఎంత, ఏ నెలలో జమ అవుతుంది, ఎవరి సంతకంతో తీస్తారు, ఇవి రాతపూర్వకంగా ఉంటేనే గేటు దగ్గర మీ కుర్రాణ్ణి నిలబెట్టండి.

మొదటి గ్రామసభకి మూడే విషయాలు పెట్టుకోండి. మేత ముక్కల హద్దులు, పర్యాటకుల నెలలూ వేళలూ, కమిటీ సభ్యుల పేర్లు. టెంట్ల సంగతి ఆ రోజు ఎత్తితే మిగతావన్నీ కొట్టుకుపోతాయి, దాన్ని రెండో సభకి తొయ్యండి. తీర్మానం కాపీలు డీఎఫ్ఓకీ, ఎంపీడీఓకీ ఇచ్చి రసీదు తీసుకోండి. దరఖాస్తు మీద తీర్మానం నంబరు, తేదీ వెయ్యండి. అవి లేని కాగితం ఆ ఆఫీసుల్లో ఫైలు ఎక్కదు.